మిద్దె తోటలోకి లేడీబగ్స్ రావాలంటే ఏ పూల మొక్కలు పెట్టాలి?

పూల సంగతి తర్వాత, ముందు మీ చిక్కుడు పాదుకి పేనుబంక, అదే రసం పీల్చే ఆ బుల్లి పురుగుల గుంపు, పట్టిందో లేదో చెప్పండి. పట్టకపోతే లేడీబగ్ రాదు, వచ్చినా రెండు రోజులుండి పోతుంది. పస్తులుండటానికి ఎవరొస్తారు?

మాది కావలి. సంక్రాంతి ముందు మా మిద్దె మీద చిక్కుడు లేత కొసలన్నీ పేనుబంకతో నల్లగా అయిపోయాయి, కింది ఆకులంతా జిగురు, ఆ జిగురు కోసం చీమల బారులు. వాటి మధ్యలో ఇంకోరకం పురుగులు, బుల్లి మొసలి పిల్లల్లా, నల్లటి ఒంటి మీద తెల్లటి మచ్చలతో. పాదుని తినేస్తున్నది ఇవేనని తీర్మానించేసుకుని, పాత టూత్‌బ్రష్‌తో రెండు రోజులు సబ్బునీళ్ళ మగ్గులోకి దులిపాను. నలభై దాకా ఉంటాయి. ఒకటి మాత్రం తప్పించుకుని టబ్బు అంచుకి అతుక్కుపోయింది, కదలదు మెదలదు, చచ్చిందనుకున్నా. ఐదో రోజు పొద్దున నీళ్ళు పోస్తుంటే దాని వీపు పగిలి లేత పసుపు పురుగొకటి బయటికొస్తోంది, చుక్కా లేదు గీతా లేదు. వంట ముగించుకుని పైకొచ్చి చూద్దును కదా, నారింజ రంగెక్కి నల్లటి వంకర గీతలు తేలుతున్నాయి!

మా అత్తయ్యది పొదిలి వైపు, పొగాకు సేద్యం చేసిన మనిషి. చూపిస్తే "అక్షింతల పురుగు కదమ్మా" అంది, మనం లేడీబగ్ అంటున్నది దాన్నే. మరి నేను దులిపేటప్పుడు పక్కనే కూర్చున్నారు కదా అత్తయ్యా అంటే, "పెద్దవాటిని ఎరుగుదును గానీ వాటి పిల్లల మొహాలు నేనెప్పుడు చూశాను" అంది.

ఇక మొక్కలంటారా, ఒక మూల కుండీలో అలసందలు వేసి పేనుబంకకి వదిలేయండి. దాని జోలికి పోవద్దు, అది వాటి హోటలు. కొత్తిమీర మొత్తం కోసేయకుండా నాలుగు మొక్కలు పూతకి వదలండి, సోంపు అయినా సరే, పెద్ద పురుగులు పుప్పొడి కూడా తింటాయి. బంతి అయితే రేకబంతి పెట్టండి. నర్సరీలో అడిగితే ముద్దబంతే అంటగడతారు, చూడ్డానికి బాగుంటుంది గానీ ఆ రేకల గుబురులో పురుగుకి పుప్పొడి ఎక్కడ దొరుకుతుంది? మందుల కొట్టు వాళ్ళు ఇంకా ఘోరం, ఆకు చూపించగానే సీసా చేతిలో పెడతారు, ఏం పట్టిందని కూడా అడగరు. ఆ మందు కొడితే ముందు చచ్చేది మీరు పిలుస్తున్న ఈ చుట్టాలే. పేనుబంక మరీ మితిమీరితే నీళ్ళ పైపుతో గట్టిగా కొట్టండి, చాలు.

వంగ మీద మాత్రం జాగ్రత్త. అదే ఆకారంలో, మెరుపు లేని మాసిన రంగులో, ఒంటి నిండా చుక్కలతో ఇంకోటి వస్తుంది, 28 చుక్కలది. ఆకు పచ్చదనమంతా గీకేసి జల్లెడ చేస్తుంది. మా వైపు దాన్నీ అక్షింతల పురుగే అంటారు. లేడీబగ్స్ వచ్చేశాయని మురిసిపోయి మా చెల్లెలు వాట్సాప్ స్టేటస్ పెట్టుకుంది దీన్నే.