మారథాన్‌కి ముందు ప్రీ వర్కౌట్ పౌడర్ తాగొచ్చా?

మొదటి ఫుల్ మారథాన్‌కి ఇంకా 6 వారాలే ఉంది, జిమ్ ఫ్రెండ్ ప్రీ వర్కౌట్ పౌడర్ (ఊపు కోసం వ్యాయామానికి ముందు నీళ్లలో కలుపుకునే కెఫీన్ లాంటి వాటి పొడి) తాగి పరిగెత్తమంటున్నాడు, తాగొచ్చా అని అడిగారు. వద్దండీ. నేను తాగి అనుభవించాను కాబట్టి చెప్తున్నా.

అది నా మూడో హాఫ్ మారథాన్ (21 కిలోమీటర్లు). డబ్బా మీద ఒక స్కూప్ అని ఉంటే అతి తెలివితో ఒకటిన్నర వేసుకున్నా, పైగా పొద్దున్నే తాగే కాఫీ కూడా మానలేదు. మొదటి 8 కిలోమీటర్లు గాల్లో తేలిపోయినట్టే ఉంది, ప్రాక్టీస్‌లో ఎప్పుడూ రాని పేస్. 13 దగ్గర దడ మొదలైంది. వాచీలో హార్ట్ రేట్ 190 దాటింది, నడుద్దాం అదే తగ్గుతుందిలే అనుకుంటే పది నిమిషాలైనా దిగలేదు, చేతులు వణుకు, కడుపులో ఒకటే తిప్పుడు. మెడికల్ టెంట్‌లో పడుకోబెట్టి ఈసీజీ తీశారు. అదృష్టం, ఏమీ కాలేదు.

ఇంటికొచ్చాక అప్పుడు చదివా డబ్బా. స్కూప్‌కి 300 మిల్లీగ్రాముల కెఫీన్! ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజు మొత్తానికి 400 దాకా ఫర్వాలేదంటారు, నేను కాఫీతో కలిపి గంటలో 500 దాటించేశా. దాని కింద ‘ప్రొప్రైటరీ బ్లెండ్’ (కంపెనీ సొంత మిశ్రమం) అంటూ ఏడెనిమిది పేర్లు, ఏది ఎంతుందో మాత్రం లేదు. నాకు అసలు భయం దానితోనే. 2012 లండన్ మారథాన్‌లో 30 ఏళ్ల రన్నర్ ఒకావిడ ఫినిష్ ఇంకో మైలు ఉందనగా కుప్పకూలి చనిపోయింది. ఆమె నీళ్లలో కలుపుకున్న పౌడర్‌లో డీఎంఏఏ అనే స్టిమ్యులెంట్ (ఒంటిని ఉత్తేజపరిచే మందు) ఉంది, అంత శ్రమకి అదీ తోడై గుండె ఆగి ఉంటుందని విచారణలో తేలింది. అప్పట్లో అది షాపుల్లో మామూలుగా దొరికిన సరుకే.

ఆయాసం, దడ, ఒళ్లు కాలిపోవడం, ఇవన్నీ ఇక తగ్గించమని ఒళ్లు చెప్పే మాటలు. స్టిమ్యులెంట్ పడితే అవి సరిగ్గా వినపడవు. జిమ్‌లో గంటసేపు ఎలాగో గడిచిపోతుందేమో, ఎండలో నాలుగైదు గంటల పరుగులో కాదు.

కెఫీన్ పనిచేయదని నేననను. కిలో బరువుకి 3 మిల్లీగ్రాములు చాలు, 60 కిలోల మనిషికి 180 అన్నమాట, అదీ ప్రాక్టీస్ లాంగ్ రన్‌లో ముందు వాడి చూసుకున్నాకే. బీపీ, గుండె సమస్య ఉంటే డాక్టర్‌ని అడగందే అదీ వద్దు. డోప్ టెస్ట్ ఉండే స్థాయిలో పరిగెత్తేవాళ్లయితే ఇంకో తలనొప్పి: లేబుల్ మీద లేని మందు ఒంట్లో దొరికినా వాడా (ప్రపంచ యాంటీ డోపింగ్ ఏజెన్సీ) రూల్స్ ప్రకారం బాధ్యత మీదే.

ఇప్పటికే తాగుతుంటే, పరుగులో ఛాతీ పట్టేసినా కళ్లు తిరిగినా వెంటనే ఆగిపోండి, ఏం తాగారో మెడికల్ వాళ్లకి దాచకుండా చెప్పండి. ఆ రోజు డాక్టర్ అడిగితే సిగ్గేసి, మొదట నేను ‘నీళ్లే’ అన్నా.