సాలమాండర్ల టెర్రేరియం: మట్టి కింది నీళ్ల సంగతి

ఒక జత ఫైర్ సాలమాండర్లకు సహజంగా ఉండే టెర్రేరియం (మట్టి, మొక్కలతో అమర్చే గాజు తొట్టి) పెట్టాలి, పొగమంచు మెషిన్, చిన్న జలపాతం, హీట్ మ్యాట్ కొనమంటారా అని అడిగారు. మూడూ వద్దు. ఆ డబ్బు మంచి మట్టికి, సన్నటి మెష్ మూతకి, ప్రోబ్ (మట్టిలో గుచ్చి వేడి కొలిచే కడ్డీ) ఉన్న థర్మామీటర్‌కి పెట్టండి. హీట్ మ్యాట్ బల్లులకు పనికొస్తుంది. సాలమాండర్ ఆకారంలో బల్లిలా ఉన్నా కప్పల వైపు జీవి, దానికి వేడే మొదటి శత్రువు. బల్లి సామానునే పేరు మార్చి "సాలమాండర్ కిట్" అని అంటగట్టేవాళ్ల మీద నాకు నిజంగానే కోపం.

ముందు గది చూసుకోండి. ఫైర్ సాలమాండర్‌కు 15 నుంచి 20 డిగ్రీలు హాయి. ఇంకో రకమైన టైగర్ సాలమాండర్ 22 దాకా ఓర్చుకుంటుంది. 24 దాటి రోజుల తరబడి ఉంటే రెండూ తిండి మానేస్తాయి, తర్వాత జబ్బు పడతాయి. లైటు వెలుగుతుంటే గాజు తొట్టి లోపల గదికంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. మెష్ మూత మీద 8 సెంటీమీటర్ల కంప్యూటర్ ఫ్యాను పెడితే ఆవిరి వల్ల కొంత చల్లబడుతుంది, అదీ గదిలో గాలి పొడిగా ఉన్నప్పుడే. ఐసు సీసాలు అత్యవసరానికి మాత్రమే. అవి కరిగేకొద్దీ వేడి మళ్లీ ఎక్కుతుంది, ఆ ఎగుడుదిగుడు కూడా మంచిది కాదు. ఏడాది పొడవునా గదిని 22 లోపు ఉంచలేమనుకుంటే వీటిని తెచ్చుకోకపోవడమే మేలు. ఈ ఒక్క విషయంలో నేను రాజీపడను.

తొట్టికి ఎత్తు కంటే నేల ముఖ్యం. జతకి 90 × 45 సెంటీమీటర్ల నేల, 40 ఎత్తు చాలు. మట్టి 12 సెంటీమీటర్ల మందం ఉండాలి, అంటే దాదాపు 49 లీటర్లు. ఎరువు కలపని తోటమట్టి 24 లీటర్లు, ఉప్పు పోయేదాకా కడిగిన కొబ్బరి పొట్టు 12, బాగా చివికిన ఆకుమట్టి 6, సన్నటి బెరడు ముక్కలు 6. కుండీల కోసం అమ్మే రెడీమేడ్ మిశ్రమం వద్దు. అందులోని తెల్లటి పెర్లైట్ గుళికలు తిండిగా వేసే వానపాముతో పాటు సాలమాండర్ కడుపులోకి పోతాయి, ఎరువు చర్మాన్ని కాలుస్తుంది. ఉత్త కొబ్బరి పొట్టు అయితే బొరియ నిలవదు, తవ్విన చోటే కూలిపోతుంది. కలిపిన మట్టిని గుప్పిట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. తడిసిన మట్టి లీటరుకు కిలో పైనే తూగుతుంది కాబట్టి స్టాండు గట్టిదై ఉండాలి.

మట్టి కింద 5 సెంటీమీటర్లు కాల్చిన మట్టి గోళీలు, వాటిపైన తుప్పు పట్టని నైలాన్ దోమతెర. ఒక మూల నిలువుగా, అడుగు దాకా దిగేలా 2 సెంటీమీటర్ల పీవీసీ గొట్టం పెట్టి, సాలమాండర్ దూరకుండా పైన మూత బిగించండి. అందరూ వదిలేసేది ఈ గొట్టాన్నే. అది లేని తొట్టి ఎలా చెడుతుందో వరసగా చెప్తాను.

మొదటి నెల అంతా పచ్చగా ఉంటుంది. రోజూ రెండుసార్లు నీళ్లు చల్లుతారు, మూత గాజుది కావడంతో తడి బయటికి పోదు. నీరు గోళీల మధ్య చేరుతూ ఒకరోజు తెరను తాకుతుంది. ఇక దీపం వత్తి నూనెను పీల్చినట్టు మట్టి ఆ నీటిని పైకి లాగుతుంది. పైపొర మామూలుగానే కనిపిస్తుంది, అడుగున గాలి ఆడక మట్టి నల్లబడుతుంది. మూత తీస్తే కుళ్లిన గుడ్ల వాసన. ఫెర్న్ ఆకులు పసుపు తిరుగుతాయి, తెల్లటి స్ప్రింగ్‌టెయిల్ పురుగులు గుంపులుగా గాజు మీదికి ఎక్కుతాయి. ఆ తర్వాత సాలమాండర్ బొరియ వదిలి పట్టపగలు మూలలో తల పైకెత్తి కూర్చుంటుంది. చూసినవాళ్లు మచ్చికైందని సంబరపడి, దానికోసం ఇంకాస్త నీళ్లు చల్లుతారు. పొట్ట కింద, కాళ్ల లోపలి వైపు చర్మం ఎర్రబడేసరికి రెండు మూడు వారాలు చేయిదాటిపోతాయి. అప్పుడు దాన్ని తడి పేపర్ టవల్ వేసిన డబ్బాలోకి మార్చి, ఉభయచరాలు తెలిసిన పశువైద్యుడికి చూపించి, మట్టి మొత్తం పారేయాల్సిందే.

దీనికి మందు చాలా తేలిక. గాజు బయట 2 సెంటీమీటర్ల ఎత్తున టేపు అంటించండి. నీరు ఆ గీతను తాకిన రోజు గొట్టంలోకి సన్న ట్యూబ్ దింపి లాగేయండి. నీళ్లు ఒక వైపే పోయండి, రెండో వైపు కాస్త పొడిగా వదలండి. ఏ తడి కావాలో సాలమాండరే ఎంచుకుంటుంది. మూత మెష్‌దే ఉండాలి, అంచులు క్లిప్పులతో బిగించాలి. లేకపోతే సాలమాండర్లు మూలల్లో గాజును అతికించిన సిలికాన్ పట్టుకుని ఎక్కి సందులోంచి పారిపోతాయి.

చర్మంతో ఊపిరి తీసే జీవికి ఏ నీరు పోస్తున్నామన్నది చిన్న విషయం కాదు. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే ఒక రోజు బకెట్‌లో నిలవ ఉంచితే పోతుంది, కొన్నిచోట్ల దానికి బదులు కలిపే క్లోరమైన్ అలా పోదు. దానికి క్లోరమైన్‌కూ పనిచేస్తుందని రాసి ఉన్న డీక్లోరినేటర్ వాడాలి. నీళ్ల పళ్లెం 2 సెంటీమీటర్ల లోతుకు మించకూడదు, ఎక్కి రావడానికి ఒక రాయి ఉండాలి. పెద్దయిన ఫైర్ సాలమాండర్ ఈదలేదు, లోతు నీళ్లలో మునిగిపోతుంది. పళ్లెం రోజూ మార్చండి.

మొక్కల సంగతి: ఫెర్న్, పోతోస్ (మనీ ప్లాంట్) బతుకుతాయి. నేరుగా నాటితే సాలమాండర్లు పెకలించేస్తాయి, చిన్న కుండీతో సహా పాతిపెట్టండి. లైటు తక్కువ వాట్ల ఎల్ఈడీ, పది గంటలు. మొక్కల కంటే నేను ఎండుటాకులకే ఎక్కువ మార్కులు వేస్తాను. మందు చల్లని చెట్ల ఆకులు ఏరి పది నిమిషాలు మరగబెట్టి రెండు మూడు అంగుళాలు పరవండి. వాటి కింద స్ప్రింగ్‌టెయిల్స్, చిన్న తెల్ల ఐసోపాడ్స్ (చెత్త తిని బతికే బుల్లి జీవులు) వదిలితే బూజునీ మలాన్నీ అవే చూసుకుంటాయి. ఇవి నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా కర్ర మీద తెల్ల బూజు వస్తుంది, కంగారు పడి కడగొద్దు, దానంతట అదే పోతుంది.

ఆ ఆరు వారాలూ సాలమాండర్లను వేరే డబ్బాలో తడి టవల్ మీద ఉంచి మలం, చర్మం గమనించండి. 2013లో శాస్త్రవేత్తలు గుర్తించిన బీసాల్ అనే ఫంగస్ నెదర్లాండ్స్‌లో అడవి ఫైర్ సాలమాండర్లను దాదాపు తుడిచిపెట్టింది. అది ఆసియా నుంచి పెంపుడు జీవుల వ్యాపారం వెంట వచ్చిందనే అభిప్రాయం బలంగా ఉంది. అందుకే అడవిలో పట్టినవి కొనకండి. పాత మట్టిని, తొట్టి నీటిని కాలువల్లోకి, తోటల్లోకి వదలకండి.

సాలమాండర్లను తొట్టిలోకి వదిలేది సాయంత్రం, లైటు ఆర్పాక, తడి గ్లవ్స్‌తో. రెండు వారాలు కనిపించకపోయినా తవ్వి చూడొద్దు. మట్టి మీద వేసిన వానపాము తానే లోపలికి దూరిపోతుంది కాబట్టి, నిటారు అంచులున్న చిన్న గిన్నెలో వేసి బొరియ ముందు పెట్టండి. ఎర్ర కంపోస్టు వానపాములు వద్దు, అవి కారే పసుపు ద్రవం చేదుకు చాలా సాలమాండర్లు ఉమ్మేస్తాయి. పొద్దున గిన్నె ఖాళీగా ఉంటే తిన్నట్టే. వరసగా నాలుగు రాత్రులు అలాగే మిగిలితే, ముందు మట్టిలో 5 సెంటీమీటర్ల లోతున ప్రోబ్ గుచ్చి ఎన్ని డిగ్రీలుందో చూడండి.