వేగం తగ్గితే విమానం ఎందుకు మాట వినదు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. పైలట్ అవుతానంటోంది. ఇంట్లో కంప్యూటర్ సిమ్యులేటర్‌పై సెస్నా 172 నడుపుతూ, వేగం బాగా తగ్గించి ఎడమకు తిప్పితే ముక్కు మొదట కుడివైపుకు పోతోందని, యోక్ (పైలట్ చేతిలోని స్టీరింగ్ లాంటి పిడి) ఎంత తిప్పినా విమానం నింపాదిగా కదులుతోందని చెబుతోంది. ఇది ఆటలోని లోపమా? ఈ ఆసక్తిని నమ్మి లక్షలు ఖర్చు పెట్టవచ్చా? — ఒక తండ్రి, గాజువాక

జవాబు: మీ అమ్మాయి గమనించినది లోపం కాదు. నిజమైన చిన్న విమానం కూడా అలాగే ప్రవర్తిస్తుంది. ఫ్లయింగ్ స్కూళ్లలో దీనికోసమే ‘స్లో ఫ్లైట్’ అనే పాఠం ఉంటుంది.

సెస్నా 172లో యోక్‌నూ, కాలి పెడల్స్‌నూ రెక్కల చివర ఉండి విమానాన్ని పక్కకు వాల్చే కదిలే పలకలైన ఎయిలరాన్లకూ, తోకలో ముక్కును పైకీ కిందికీ కదిపే ఎలివేటర్‌కూ, పక్కలకు తిప్పే రడ్డర్‌కూ కలిపేవి ఉక్కు కేబుళ్లు, కప్పీలే. మధ్యలో హైడ్రాలిక్ సాయం ఏదీ ఉండదు కాబట్టి గాలి ఒత్తిడి నేరుగా పైలట్ చేతికి తెలుస్తుంది. ఆ ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి మారుతుంది. 120 నాట్ల వేగంలో ఒక కోణానికి తిప్పిన ఎయిలరాన్ ఇచ్చే బలం, 60 నాట్లకు వచ్చేసరికి సగం కాదు, నాలుగో వంతే మిగులుతుంది. అందుకే యోక్ వదులుగా తోస్తుంది, ఎక్కువ తిప్పవలసి వస్తుంది.

అయితే అన్ని నియంత్రణలూ ఒకేలా బలహీనపడవు. ఒక ఉదయం అమ్మాయిని మన ఫిషింగ్ హార్బరుకు తీసుకువెళ్లి, జెట్టీ నుంచి బయలుదేరే మరబోటును చూపించండి. బోటు ఇంకా కదలకముందే సరంగు చుక్కాని తిప్పి ఇంజిన్‌ను ఒక్కసారి పెంచుతాడు. ప్రొపెల్లర్ తోసిన నీరు చుక్కానికి తగలగానే, బోటు ముందుకు సాగకపోయినా వెనుక భాగం పక్కకు జరుగుతుంది. ముందు ప్రొపెల్లర్ ఉన్న చిన్న విమానంలోనూ ఆ గాలి తోక మీదుగానే పోతుంది కనుక, ఇంజిన్ శక్తి ఉన్నంతసేపు రడ్డర్, ఎలివేటర్ బాగానే పనిచేస్తాయి. రెక్కల కొసల్లో ఉన్న ఎయిలరాన్లకు ఆ గాలి అందదు. నెమ్మదిగా ఎగిరేటప్పుడు పైలట్ పాదాల విలువ పెరగడానికి ఇది ఒక కారణం.

ఇక ముక్కు ఎదురువైపుకు పోవడం. ఎడమకు తిప్పినప్పుడు కుడి ఎయిలరాన్ కిందికి దిగి ఆ రెక్కను పైకి లేపుతుంది. ఎత్తే బలంతోపాటు అక్కడ గాలి నిరోధమూ పెరిగి కుడి రెక్క వెనక్కి లాగబడుతుంది. వేగం తగ్గినకొద్దీ ముక్కు ఎత్తి ఎగరాలి కనుక ఈ తేడా మరింత పెరుగుతుంది. ఎడమ పెడల్‌ను అదే క్షణంలో తగినంత నొక్కడమే దీనికి విరుగుడు. రైట్ సోదరులనూ ఇదే చిక్కు వేధించింది. 1902 గ్లైడర్‌కు మొదట కదలని తోక ఫలకాలు అమర్చి, తరువాత వాటి స్థానంలో కదిలే రడ్డర్ పెట్టాకే వారికి మలుపు చేతికి వచ్చింది.

స్టాల్‌కు, అంటే గాలి తాకే కోణం మరీ ఎక్కువై రెక్క ఎత్తే బలాన్ని కోల్పోయే స్థితికి, దగ్గరగా ఉన్నప్పుడు ఇదే విషయం ప్రాణాల మీదికి రావచ్చు. ఒక రెక్క వాలిపోతే, దాన్ని ఎయిలరాన్‌తో లేపాలని చేయి తనంతట తానే యోక్‌ను ఎదురువైపుకు తిప్పుతుంది. వాలిన రెక్క మీద ఎయిలరాన్ దిగితే అక్కడ గాలి తాకే కోణం ఇంకా పెరిగి, ఆ రెక్క మరింత లోతుగా స్టాల్ కావచ్చు. ముందు యోక్‌ను ముందుకు తోసి కోణం తగ్గించాలి, ముక్కు పక్కకు తిరగకుండా రడ్డర్‌తో ఆపాలి, రెక్కలను సమం చేయడం ఆ తరువాతే. చేతికి ఉన్న సహజమైన అలవాటును మాన్పించే ఈ శిక్షణే నా దృష్టిలో పైలట్ విద్యకు మూలం.

మీ రెండో ప్రశ్నకు ఇప్పుడు సమాధానం చెప్పగలను. సిమ్యులేటర్‌లో రడ్డర్‌ను తనంతట తానే కదిపే ‘ఆటో రడ్డర్’ ఆపివేసి, తగినంత ఎత్తులో, 60 నాట్ల వద్ద ఎత్తు తగ్గకుండా ఎడమకూ కుడికీ మలుపులు సాధన చేయమనండి. ప్యానెల్ మీద, విమానం పక్కకు జారుతోందో లేదో చూపే చిన్న బంతి ఏ వైపుకు జారితే ఆ వైపు పెడల్ నొక్కి దాన్ని మధ్యలో నిలపాలి. నెల రోజుల తరువాత కూడా ఆ ఓపిక ఉంటే పైలట్ దారి పరిశీలించదగినదే. ఆమె మనసు కేబుల్ బిగింపు మీదా, ఎయిలరాన్ కీలు అమరిక మీదా ఎక్కువగా నిలుస్తుంటే ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీరింగ్ గురించి కూడా ఆలోచించండి. విశాఖ బీచ్ రోడ్డులో టీయూ-142 అనే పాత నౌకాదళ విమానాన్ని ఉంచిన మ్యూజియంలో రెక్కల వెనుక అంచును కింద నుంచి చూపిస్తే ఆమె అడిగే ప్రశ్నల్లోనే మీకు చాలావరకు తెలిసిపోతుంది.

కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి, 200 గంటల ఫ్లయింగ్ కావాలి. ఏ స్కూలుకైనా ఫీజు కట్టకముందే డీజీసీఏ (దేశ పౌర విమానయాన నియంత్రణ సంస్థ) గుర్తించిన డాక్టరు వద్ద క్లాస్ 2, ఆ తరువాత క్లాస్ 1 వైద్య పరీక్షలు పూర్తి చేయించండి.