తాబేళ్ల ట్రిప్‌కు అప్పు వద్దు, మూడు నెలలు ఆగండి

ప్రశ్న: మా ఇంట్లో నలుగురం: నేను, మావారు, తొమ్మిదేళ్ల పాప, 62 ఏళ్ల అత్తగారు. పది నెలల తర్వాత ఒక ఉష్ణమండల దీవికి వెళ్లి ఏడు రాత్రులు ఉండాలనుకుంటున్నాం. సముద్ర తాబేళ్లను నీళ్లలో దగ్గరగా చూడాలని పాప కోరిక. మొత్తం ఖర్చును 100 అనుకుంటే విమానానికి 40, బసకు 28, భోజనానికీ అక్కడి తిరుగుడుకూ 14, గైడ్‌తో ప్రైవేటు పడవలో స్నార్కెలింగ్‌కు (మాస్కు, గాలి గొట్టం పెట్టుకుని నీటిపై తేలుతూ లోపలికి చూడటం) 12, బీమాకూ ప్రవేశ రుసుములకూ 6 తేలింది. ఇందులో 40 మా దగ్గర ఉంది, నెలకు 5 చొప్పున పక్కన పెట్టగలం. తక్కువ పడేది క్రెడిట్ కార్డు మీద పెట్టాలా, అత్యవసర నిధిలోంచి తీయాలా? గైడ్ లేకుండా మాస్కులు కొనుక్కుని ఒడ్డు నుంచే దిగితే ఆ 12 మిగలదా? అత్తగారు బీపీ మాత్రలు వేసుకుంటారు. మా ఇద్దరికీ ఈత అంతంత మాత్రమే.

జవాబు: క్రెడిట్ కార్డు వద్దు. అత్యవసర నిధి జోలికి అసలే వెళ్లొద్దు. గైడ్‌ను మాత్రం వదులుకోకండి. ప్రైవేటు పడవ మానేసి, ప్రయాణాన్ని మూడు నెలలు వాయిదా వేస్తే అప్పు లేకుండానే వెళ్లి రావచ్చు.

ముందు లోటు ఎంతో చూద్దాం. మీ లెక్కలో అనుకోని ఖర్చులకు ఏమీ పెట్టుకోలేదు. కరెన్సీ మారకం విలువ పెరగడం, ఒక రోజు టూర్ రద్దవడం, ఒక రాత్రి ఎక్కువ ఉండాల్సి రావడం లాంటివి విదేశీ ప్రయాణంలో మామూలే. పదో వంతు కలుపుకుంటే మీకు కావాల్సింది 110. బయల్దేరే ముందు నెలకల్లా తొమ్మిది నెలల పొదుపు 45, చేతిలో ఉన్న 40 కలిపి 85 అవుతుంది. అంటే 25 తక్కువ. దాన్ని నెలకు 3 శాతం వడ్డీ పడే కార్డు మీద పెట్టి, నెలకు 5 చొప్పున తీరిస్తే ఆరు నెలలు పడుతుంది, వడ్డీ దాదాపు 2.5 అవుతుంది. చూడ్డానికి చిన్న మొత్తమే. కానీ చాలామంది ఆ ఆరు నెలలు గట్టిగా కట్టలేరు. బాకీలో 5 శాతం కనీస మొత్తం మాత్రమే కడుతూ పోతే ఏడాది తర్వాత కూడా 25లో 19 దాకా అలాగే మిగిలి ఉంటుంది. అప్పటికి పాప మళ్లీ ఇంకో ట్రిప్ అడుగుతూ ఉంటుంది.

ఇప్పుడు కోతల సంగతి. ప్రైవేటు పడవ 12 చెప్పారు కదా. గైడ్‌తో ఆరుగురికి మించని బృందంగా ఒడ్డు నుంచే దిగే టూర్లు చాలా చోట్ల సగం ధరకు, అంతకన్నా తక్కువకు కూడా దొరుకుతాయి. దీనికి 6 వేసుకోండి. ఏడు రాత్రులను ఆరు చేస్తే బసలో 4, భోజనం, తిరుగుడులో 2 తగ్గుతాయి. మొత్తం 88. దానికి పదో వంతు కలిపితే 97. మూడు నెలలు ఆగితే పన్నెండు నెలల పొదుపు 60, చేతిలో ఉన్న 40 కలిసి 100. విమానం టికెట్లు నాలుగు నెలల ముందు కొనాల్సి వచ్చినా అప్పటికే మీ దగ్గర 85 ఉంటుంది కాబట్టి ఎక్కడా చేయి చాచక్కర్లేదు. ఇంత తక్కువ వ్యవధి డబ్బును షేర్లలో, ఈక్విటీ ఫండ్లలో పెట్టొద్దు. రికరింగ్ డిపాజిట్, పొదుపు ఖాతా చాలు.

మూడు నెలలు జరిపితే తాబేళ్లు కనిపించవేమోనన్న బెంగ వద్దు. గ్రీన్ టర్టిల్ సముద్రపు గడ్డీ నాచూ తింటుంది, హాక్స్‌బిల్ పగడపు దిబ్బల మధ్య స్పాంజీలు తింటుంది. మేత దొరికే చోటును అవి ఏళ్ల తరబడి వదలవు. గుడ్లు పెట్టడానికి ఆడ తాబేళ్లు దూరం వలస వెళ్లే కాలం ఒకటి ఉంటుంది గానీ, అవి ఏటా వెళ్లవు. పెరిగే వయసు తాబేళ్లయితే మేత మేసే చోటనే ఏడాది పొడుగునా తిరుగుతుంటాయి. హోటళ్లు, విమానాలు సెలవుల సీజన్‌లో ధర పెంచేది జనం రద్దీ చూసి. తాబేళ్లకు దానితో సంబంధం లేదు. అయితే ఒక హెచ్చరిక: సీజన్ కాని నెలలు రెండు రకాలు. సెలవులు లేనందువల్ల చవకగా ఉండే నెలలు మీకు కావాలి. గాలివాన, పెద్ద అలల వల్ల చవకగా ఉండే నెలలు వద్దు. అలలు లేస్తే ఇసుక కలిసి నీళ్లు మసకబారతాయి, టూర్లు రద్దవుతాయి. అప్పుడు బసలో మిగిల్చినదంతా వృథా. గత నాలుగైదేళ్లలో ఆ నెలలో గాలి, వాన, అలల ఎత్తు ఎలా ఉన్నాయో చూశాకే టికెట్ కొనండి.

గైడ్ గురించి మీ ప్రశ్న అసలైనది. ఒడ్డు నుంచి సొంతంగా దిగితే డబ్బు మిగులుతుందన్నది నిజమే. ఈత బాగా వచ్చి, ఆ తీరం తెలిసినవాళ్లకు అది సరిపోతుంది. మీ ఇంట్లో ఇద్దరికి ఈత అంతంత మాత్రం, పాప చిన్నది. దిబ్బల మధ్య సందుల్లోంచి నీరు సముద్రంలోకి లాగే చోట్లు పైనుంచి చూస్తే ప్రశాంతంగానే కనిపిస్తాయి. ఎక్కడ దిగాలి, ఎక్కడ బయటికి రావాలి, ఎంతలో వెనక్కి తిరగాలి అన్నది గైడ్ చెప్పాలి. తేలే రింగును పట్టుకుని పక్కన ఉండేదీ గైడే. మీరు కట్టే ధరలో పెద్ద భాగం దీనికే.

కాబట్టి టూర్లను టికెట్ ధరతో పోల్చకండి. నీళ్లలో గడిపే నిమిషానికి ఎంత పడుతుందో లెక్క కట్టండి. ఒక పడవ టూర్ మనిషికి 2 అనుకోండి. నాలుగు గంటలని రాస్తారు. వెళ్లి రావడానికి గంటన్నర, సామగ్రి సర్దుకోవడానికి, ఉపాహారానికి మరో గంటన్నర పోతే నీళ్లలో ఉండేది 60 నిమిషాలు. ఇరవై మందికి ఇద్దరు గైడ్‌లు. ఒడ్డు టూర్ మనిషికి 1.5, నీళ్లలో 75 నిమిషాలు, ఆరుగురికి ఒక గైడ్. నిమిషం లెక్కన రెండోది 40 శాతం చవక, గైడ్ చూపు కూడా మీ మీద ఎక్కువ ఉంటుంది. నిర్వాహకుణ్ని రెండే అడగండి: నీళ్లలో కచ్చితంగా ఎన్ని నిమిషాలు, ఒక గైడ్‌కు ఎంతమంది? జవాబు తిన్నగా రాకపోతే డబ్బు కట్టకండి.

‘తాబేలు కనిపించడం గ్యారంటీ’ అన్న మాట చూస్తే షరతులు చదవండి. చాలాసార్లు ఆ గ్యారంటీ డబ్బు వాపసు కాదు, ఇంకో రోజు ఖాళీ సీటు ఉంటే మళ్లీ తీసుకెళ్తామనడం. మీరు మర్నాడు విమానం ఎక్కేస్తే అది పనికిరాదు. మేత వేసి తాబేళ్లను రప్పించే చోట్లకు వెళ్లొద్దు. మేతకు అలవాటుపడ్డ తాబేలు మనుషుల చేతుల దగ్గరికి వచ్చి కరవొచ్చు, దాని ఆహారపు అలవాట్లూ చెడతాయి. బృందానికి ముందే దూరం నియమాలు చెప్పే గైడ్‌కు కాస్త ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. హవాయిలో తాబేలుకు కనీసం 10 అడుగులు, అంటే 3 మీటర్లు, దూరం ఉండమంటారు. తాబేలు ఊపిరి కోసం పైకి రావాల్సిందే. దాని సరిగ్గా పైన తేలుతూ దారి అడ్డుకోకూడదు, వెంట పడకూడదు, ముట్టకూడదు. చాలా చోట్ల ముట్టుకుంటే జరిమానా. అది ఏ ప్రయాణ బీమాలోనూ రాదు. తాబేలు చిప్పతో చేసిన దువ్వెనలు, గాజులు కొనకండి. సముద్ర తాబేళ్లన్నీ అంతరించే ముప్పున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్‌లో, వాణిజ్యం నిషిద్ధమైన మొదటి అనుబంధంలో ఉన్నాయి కాబట్టి కస్టమ్స్ దగ్గర వస్తువూ పోతుంది, కేసూ పడుతుంది.

టూర్‌ను ట్రిప్‌లో రెండో రోజు ఉదయానికి బుక్ చేయండి. ఉదయం గాలి తక్కువగా ఉంటుంది, నీళ్లు తేటగా ఉంటాయి. ఆ రోజు వాతావరణం బాగోక రద్దైతే మారడానికి ఇంకా మూడు నాలుగు రోజులు చేతిలో ఉంటాయి. చివరి రోజుకు పెట్టుకుంటే ఆ వెసులుబాటు ఉండదు. రద్దు నియమాల్లో మూడు వేర్వేరు సందర్భాలు చూడాలి: వాతావరణం వల్ల వాళ్లు రద్దు చేస్తే పూర్తి వాపసా, లేక వేరే తేదీ మాత్రమేనా, మీరు రద్దు చేసుకుంటే 24 గంటల ముందా, 48 గంటల ముందా, అక్కడికి వెళ్లాక ఆరోగ్య ఫారం చూసి దిగొద్దంటే డబ్బు సంగతేమిటి. మూడోదాన్ని చాలామంది అడగరు. మీ అత్తగారి విషయంలో అదే ముఖ్యం. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లను డాక్టర్ ఉత్తరం లేకుండా దించని నిర్వాహకులు ఉన్నారు. ఆ ఉత్తరం ఇక్కడే తీసుకోండి. డాక్టర్ వద్దంటే ఆమెకు టూర్ టికెట్ కొనకండి. ఒడ్డు టూర్‌కు ఇదొక లాభం: ఆమె నీడలో కూర్చుని చూడొచ్చు, ఖర్చు లేదు. పడవలోనైతే నీళ్లలో దిగకపోయినా సీటు ధర కట్టాల్సిందే.

బీమా పాలసీలో ‘నీటి క్రీడలు’ అన్న భాగాన్ని తప్పక చదవండి. స్నార్కెలింగ్ చేరి ఉందా, గైడ్‌తో ఉంటేనే చెల్లుతుందా, ముందే ఉన్న బీపీని చెప్పాలా, చిన్న దీవి నుంచి పెద్దాసుపత్రికి తరలించే ఖర్చు వస్తుందా చూడండి. చివరిదే అన్నిటికన్నా పెద్ద ఖర్చు. బీపీ ఉన్న సంగతి దాచి కొన్న పాలసీ క్లెయిమ్ దగ్గర నిలవదు. మద్యం తాగి నీళ్లలో దిగితే చాలా పాలసీలు పైసా ఇవ్వవు.

సామగ్రిలో కొనాల్సినవి, అద్దెకు తీసుకోవాల్సినవి వేరు. మాస్కు, స్నార్కెల్ గొట్టం కొనండి. పాపకు పిల్లల సైజే కొనాలి. అద్దె మాస్కు మొహానికి అమరకపోతే నీళ్లు కారి టూర్ అంతా దాన్ని తుడుచుకోవడంతోనే సరిపోతుంది. పట్టీ లేకుండా మొహానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి. చేయి తీసినా పడిపోకుండా నిలిస్తే అది మీ సైజు. వెంట్రుకలు, మీసం అడ్డొస్తే గాలి చొరబడుతుంది. కొత్త మాస్కు అద్దం లోపల తయారీలో పడ్డ పల్చటి పొర ఉంటుంది, జెల్ కాని టూత్‌పేస్టుతో రెండుమూడు సార్లు రుద్ది కడగకపోతే పొగమంచులా మసకబారుతుంది. కళ్లద్దాలు మాస్కు లోపల పట్టవు కాబట్టి పవర్ ఉన్నవాళ్లకు పవర్ మాస్కు కావాలి. మొహమంతా కప్పే మాస్కులు కొనకండి, చాలామంది నిర్వాహకులు ఒప్పుకోరు. ఫిన్స్ (ఈతకు కాళ్లకు తొడిగే రెక్కలు) బరువెక్కువ, లగేజీ రుసుము పెరుగుతుంది, అవి అద్దెకే తీసుకోండి. పొడవు చేతుల ఈత చొక్కా ఒకసారి కొంటే సన్‌స్క్రీన్ ఖర్చు బాగా తగ్గుతుంది. పగడాలకు హాని చేస్తాయన్న కారణంతో ఆక్సిబెంజోన్, ఆక్టినోక్సేట్ అనే రసాయనాలున్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని హవాయి 2021 జనవరి 1 నుంచి నిషేధించింది. వెళ్లే చోట ఏ నియమం ఉందో చూసి ఒకే సీసా తీసుకెళ్లండి.

వీటన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చే ఖర్చు ఒకటుంది: బయల్దేరే ముందు మీ ఇద్దరికీ పాపకూ ఎనిమిది, పది ఈత పాఠాలు. ఆ కొలనులోనే కొత్త మాస్కుతో మొహం నీళ్లలో పెట్టి పది నిమిషాలు కదలకుండా తేలడం, గొట్టంలోకి నీరొస్తే గట్టిగా ఊది బయటికి పంపడం, మాస్కులోకి నీరొస్తే తీయడం అలవాటు చేసుకోండి. ఇవి రాకపోతే సముద్రంలో ఐదు నిమిషాలకే భయమేసి వెనక్కి రావాలి. అప్పుడు 75 నిమిషాల టికెట్‌లో 70 నిమిషాలు పోయినట్టే.

టూర్ ధరలో చేరని రుసుములను ముందే అడిగి 6లో కలుపుకోండి. ఆస్ట్రేలియాలోని పగడపు దిబ్బలు గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో ఒక్కొక్కరికి రోజుకు పర్యావరణ నిర్వహణ రుసుము ఉంటుంది. కొన్ని టూర్లు దాన్ని టికెట్‌లో కలుపుతాయి, కొన్ని విడిగా వసూలు చేస్తాయి. ఈక్వడార్‌కు చెందిన గాలపగోస్ దీవుల్లో 2024 ఆగస్టు 1 నుంచి చాలామంది విదేశీ సందర్శకులకు పార్కు ప్రవేశ రుసుమును రెట్టింపు చేశారు, కాబట్టి పాత లెక్కలు నమ్మొద్దు. తెరిచి ఉండే రోజులూ చూసుకోవాలి: హవాయిలోని ఒవాహు దీవిలో స్నార్కెలింగ్‌కు పేరున్న హనౌమా బే సోమ, మంగళవారాల్లో మూసి ఉంటుంది. హోటల్ నుంచి రవాణా, వెట్‌సూట్ (నీళ్లలో చలి ఆపే దుస్తులు) అద్దె, ఇంధన అదనపు ఛార్జీ, నీటి అడుగు ఫొటోల ప్యాకేజీ కూడా చివర్లో వచ్చి చేరేవే. ఫొటోలు కావాలనుకుంటే ముందే ధర అడగండి. నీళ్లలోంచి పైకొచ్చిన ఉత్సాహంలో ఎవరూ బేరమాడరు.

చెల్లింపు విషయం. అడ్వాన్సును డెబిట్ కార్డుతో కాకుండా క్రెడిట్ కార్డుతో కట్టి, ఆ బిల్లును అదే నెల పూర్తిగా తీర్చేయండి. కార్డు వాడండి, కార్డు అప్పు మాత్రం వద్దు. టూర్ జరగకపోయినా డబ్బు వాపసు ఇవ్వకుంటే బ్యాంకు దగ్గర వివాదం నమోదు చేసే వీలు క్రెడిట్ కార్డుకు మెరుగ్గా ఉంటుంది. అక్కడ కార్డు యంత్రం ‘మీ దేశ కరెన్సీలో కడతారా’ అని అడిగితే వద్దని, స్థానిక కరెన్సీయే ఎంచుకోండి. లేకపోతే వాళ్ల మారకపు రేటులో అదనంగా పోతుంది. మీ కార్డుకు విదేశీ లావాదేవీ రుసుము ఎంతో చూసుకోండి, చాలా కార్డులకు అది 3.5 శాతం దాకా ఉంటుంది. గైడ్‌కు ఇచ్చే టిప్ కోసం కొద్దిగా నోట్లు, తడవని సంచిలో పెట్టి ఒడ్డున అత్తగారి దగ్గర ఉంచండి.