అపార్ట్‌మెంట్ యాప్‌లో నోటిఫికేషన్ల గోల: ఇలా విడగొట్టండి

మధురవాడలో మీ అపార్ట్‌మెంట్ కోసం మీరు చేసిన యాప్‌ గోల భరించలేక సగం మంది నోటిఫికేషన్లు ఆపేశారని, ఇప్పుడు నీళ్లు రావన్న కబురు కూడా వాళ్లకి చేరడం లేదని రాశారు కదా. తప్పు వాళ్లది కాదండీ. అన్నీ ఒకే ఛానెల్‌లో (అంటే ఒక రకం నోటిఫికేషన్లకి చప్పుడు, ప్రాధాన్యం విడిగా పెట్టుకునే విభాగం) పంపుతున్నారు, చిక్కంతా అక్కడే ఉంది. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి రకానికో ఛానెల్ పెట్టుకోవచ్చు. నీళ్లు, లిఫ్ట్, తుఫాను హెచ్చరిక ఒకదాంట్లో (హుద్‌హుద్ చూసిన ఊరు మనది, ఇది మాత్రం మోగాల్సిందే), మెయింటెనెన్స్ బాకీలు, పండగ శుభాకాంక్షలు, మీటింగ్ ఫొటోలు ఇంకోదాంట్లో, చప్పుడు లేకుండా, వీలైతే సాయంత్రం అన్నీ కలిపి ఒక్కసారే పంపండి. ఛానెల్ తయారయ్యాక దాని ప్రాధాన్యం మీరు కోడ్‌తో పెంచలేరు, ఆ హక్కు ఫోన్ వాడే మనిషిదే, నాకు ఆండ్రాయిడ్‌లో బాగా నచ్చిన నిర్ణయం ఇది. అందుకే మొదటే ఆలోచించి పెట్టండి.

ఇంకోటి, ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లు పంపడానికి అనుమతి అడగాలి, రెండుసార్లు వద్దంటే ఆ అనుమతి అడిగే బాక్సు మళ్లీ రాదు. యాప్ తెరవగానే అడక్కండి, "నీళ్లు ఆగితే చెప్పాలా?" అన్న బటన్ నొక్కినప్పుడే అడగండి. ఇప్పటికే ఆపేసినవాళ్లకి అదే బటన్‌తో నేరుగా సెట్టింగ్స్ తెరుచుకునేలా చేయండి.