మిడి గిటార్‌లో దొంగనోట్లు: ముందు సరిచేయాల్సింది తీగలా, పికప్పా?

మీది స్ట్రాట్ (ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్) మోడల్ ఎలక్ట్రిక్ గిటార్. దానికి రోలాండ్ జీకే-3 పికప్ (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చేది) తగిలించి, గిటార్ వాయింపుని వేణువు, వీణ లాంటి ధ్వనులుగా మార్చే సింథ్‌కి కలిపారు. మిడి గిటార్ అంటే ఇదే. అన్నిటికన్నా లావైన ఆరో తీగ ఒక్కోసారి పలకడం లేదు, అన్నిటికన్నా సన్నని ఒకటో తీగని ఒకసారి మీటితే రెండుసార్లు పలుకుతోంది, మధ్యలో మీరు వాయించని స్వరాలు కూడా వస్తున్నాయి. పికప్ ఎత్తు పెంచాలా, తీగల ఎత్తు పెంచాలా అని మీ ప్రశ్న. ముందు తీగలు, తర్వాత పికప్, అన్నీ అయ్యాక ఆఖర్న సింథ్ లోపలి సెన్సిటివిటీ, అంటే ఎంత చిన్న మీటుని అది పట్టించుకోవాలన్న సెట్టింగు. ఈ వరుసని నేను తలకిందులుగా చేసి దాదాపు ఏడాది అవస్థపడ్డాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

నేను చెన్నైలో, వడపళనిలో ఉంటాను. మామూలు రోజుల్లో ఉద్యోగం, ముహూర్తాలు ఉన్నప్పుడు ఒక చిన్న బృందంతో ఇక్కడి తెలుగువాళ్ల పెళ్లిళ్లలో వాయిస్తాను. మా బృందంలో వేణువు లేదు, వీణా లేదు. ఆ రెండూ నా గిటారే. పెళ్లికొడుకు తరఫు పెద్దావిడ ఎవరైనా స్టేజి దగ్గరికొచ్చి "వీణ ఎవరమ్మా వాయిస్తున్నది?" అని వెతికితే కడుపు నిండిపోతుంది. దొంగనోట్లు పడిన రోజున మాత్రం ఎవరూ ఏమీ అడగరు, మా కీబోర్డు ఆయన ఒక్క చూపు చూస్తాడు, అంతే. దొంగనోటు అన్న పేరు పెట్టింది కూడా ఆయనే. మనం వాయించకుండానే చలామణీ అయిపోయే నోటు కదా!

అసలు ఇది ఎందుకు జరుగుతుందో తెలిస్తే ఏ స్క్రూ ముందు తిప్పాలో దానంతటదే తేలిపోతుంది. మామూలు పికప్ ఆరు తీగల ధ్వనినీ కలగలిపి ఆంప్‌కి (ధ్వని పెంచే పెట్టెకి) పంపేస్తుంది. జీకే లాంటి పికప్‌లో ఒక్కో తీగకి విడిగా ఒక చిన్న కాయిల్ ఉంటుంది, అందుకే దాని కేబుల్‌కి 13 పిన్నులు. సింథ్ ఒక్కో తీగ కంపనాలని విడివిడిగా లెక్కపెట్టి స్వరం ఏదో తేలుస్తుంది. తీగ ఊగుతూ ఊగుతూ ఏదో ఫ్రెట్‌కి (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీతకి) తగిలి బజ్ (గిర్రుమనే చప్పుడు) వచ్చిందనుకోండి, లెక్క తప్పుతుంది. ఒకే నోటుని ఆపేసి మళ్లీ మొదలుపెడుతుంది, లేదా పై ఆక్టేవ్‌కి ఎగిరిపోతుంది. ఆంప్‌లో మన చెవికి ఆనని బజ్ కూడా సింథ్ లెక్కలోకి వచ్చేస్తుంది. మామూలు గిటారిస్టులు తీగలు వీలైనంత కిందికి ఉంటే వేళ్లకి సుఖం అనుకుంటారు. మిడికి ఆ సుఖం పనికిరాదు.

పాత తీగలతో ఏ కొలతా తీయకండి, కొత్త సెట్ వేశాకే మొదలుపెట్టండి. చెన్నై ఉప్పుగాలికి, వేళ్ల చెమటకి తీగలు త్వరగా తుప్పు పడతాయి. అరిగిన తీగ పొడవునా ఒకేలా ఊగదు, స్వరం నిలవదు. జీకే అయస్కాంతం మీద పనిచేసేది కాబట్టి స్టీలు తీగలే వాడాలి, నైలాన్ తీగలకి అది పలకదు.

కొలతలకి పనిముట్లు కావాలి. మ్యూజిక్ షాపులో అడిగితే గిటార్ గేజ్ సెట్ అని బాగానే బాదుతారు. నేను జీపీ రోడ్డులో బండి సామాన్ల దుకాణంలో ఫీలర్ గేజ్ (రకరకాల మందాల సన్న రేకుల కట్ట) కొనుక్కున్నాను, మెకానిక్‌లు ఇంజన్‌లో టాపెట్ గ్యాప్ చూడటానికి వాడేదే. దాంతోపాటు అర మిల్లీమీటరు గీతలున్న స్టీలు స్కేలు ఒకటి. స్కూలు పిల్లల స్కేలు వద్దు, దానికి అంచు దగ్గర కొంత ఖాళీ వదిలి సున్నా మొదలవుతుంది. అంచు నుంచే సున్నా ఉన్నది చూసుకోండి.

ముందు నెక్ చూడండి. గిటార్‌ని వాయించే పద్ధతిలోనే ఒళ్లో పెట్టుకుని, శ్రుతి చేసి, ఆరో తీగని మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, నెక్ బాడీకి కలిసే ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కండి. ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగకి ఫ్రెట్‌కి మధ్య 0.25 మి.మీ. గేజ్ రేకు అలా దూరిపోవాలి. అసలు సందే లేకపోతే నెక్ మరీ నిటారుగా ఉందన్నమాట, ట్రస్ రాడ్ (నెక్ లోపలి ఇనుప కడ్డీ) కాస్త వదులు చెయ్యాలి. సందు ఎక్కువుంటే బిగించాలి. ఒక్కసారికి పావు చుట్టు మించి తిప్పొద్దు. తిప్పాక మళ్లీ శ్రుతి చేసి కాసేపు వదిలేసి కొలవండి. అలెన్ కీ మొరాయిస్తే బలప్రయోగం చెయ్యకండి, తెలిసినవాళ్ల చేతికివ్వండి. ఇక్కడ ఏసీ గదిలో ఒకలా ఉన్న నెక్ నవంబరు వానల్లో ఇంకోలా ఉంటుంది, చెక్క కదా.

తర్వాత యాక్షన్, అంటే ఫ్రెట్ల మీద తీగల ఎత్తు. ఫెండర్ స్ట్రాట్‌కి కంపెనీ చెప్పే కొలత 17వ ఫ్రెట్ దగ్గర 1.6 మి.మీ. నేను ఆరో తీగకి 2, ఒకటో తీగకి 1.7 పెట్టుకున్నాను. మీ చెయ్యి నాకన్నా నెమ్మదైతే ఇంకాస్త తగ్గించుకోవచ్చు. అంకె కన్నా పరీక్ష ముఖ్యం. సింథ్ ఆపేసి, గిటార్‌ని ఆంప్‌కి కూడా కలపకుండా, ఒక్కో తీగ మీద ఒక్కో ఫ్రెట్ నొక్కి, పెళ్లిలో ఎంత గట్టిగా మీటుతారో అంత గట్టిగా మీటండి. ఎక్కడ గిర్రుమన్నా ఆ తీగ సాడిల్ (బాడీ చివరి బ్రిడ్జి మీద తీగ ఆనే చిన్న ముక్క) స్క్రూలు రెండూ సమానంగా కొంచెం పైకి తిప్పండి. ఇంట్లో మెత్తగా వాయించి సెట్ చేసుకుని స్టేజి మీద డోలు పక్కన బాదేస్తే ఫలితం ఉండదు.

ఎత్తు మారింది కాబట్టి ఇంటొనేషన్ (ఏ ఫ్రెట్ నొక్కినా శ్రుతి సరిగ్గా ఉండటం) మళ్లీ చూసుకోవాలి. 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్‌నీ (తీగని నొక్కకుండా వేలితో తాకి మీటితే వచ్చే స్వరం) నొక్కిన స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చండి. నొక్కిన స్వరం ఎక్కువగా ఉంటే సాడిల్‌ని వెనక్కి జరపాలి, తక్కువగా ఉంటే ముందుకి. సింథ్ ఆ తేడాని పిచ్ బెండ్‌గా మార్చి యథాతథంగా వినిపిస్తుంది. కీబోర్డు పక్కన వేణువు అపశ్రుతిగా ఉందేమిటని నేను చాలాసార్లు సింథ్‌ని తిట్టుకున్నాను, తప్పు సాడిల్‌ది.

ఇంకొక సంగతి ఎక్కువమంది పట్టించుకోరు. మీ గిటార్‌లో ముందే ఉన్న మామూలు పికప్‌లు తీగలకి మరీ దగ్గరగా ఉంటే వాటి అయస్కాంతాలు తీగని లాగుతాయి. స్ట్రాట్‌లో ఆరో తీగ మీద పై ఫ్రెట్లలో వినిపించే వణుకు అదే, దానికి సింథ్ తికమకపడుతుంది. ఆఖరి ఫ్రెట్ నొక్కి చూసినప్పుడు లావు తీగ వైపు 2.4, సన్న తీగ వైపు 2 మి.మీ. ఖాళీ ఉండేలా వాటిని దించండి.

ఇప్పుడు జీకే. దాన్ని బ్రిడ్జికి వీలైనంత దగ్గరగా, బ్రిడ్జికి సమాంతరంగా పెట్టాలి. బ్రిడ్జి దగ్గర తీగ ఊగేది తక్కువ. గమకం కోసం తీగని పక్కకి లాగినా అక్కడ పెద్దగా జరగదు కాబట్టి తన కాయిల్ మీదనే ఉంటుంది. పికప్ దూరంగా జరిగితే లాగిన తీగ పక్క కాయిల్ పరిధిలోకి పోతుంది, మీటని తీగ మీద నోటు పుడుతుంది. ఒక్కో తీగ తన కాయిల్‌కి సరిగ్గా నడిమధ్యన ఉందో లేదో పైనుంచి చూసుకోండి.

ఎత్తుకి కొలత సులువు. ఆరో తీగని ఆఖరి ఫ్రెట్ దగ్గర నొక్కండి, తీగ పికప్‌కి బాగా దగ్గరయ్యేది అప్పుడే. అప్పుడు తీగకి పికప్‌కి మధ్య 1 మి.మీ. ఉండాలి. ఒకటో తీగకీ అంతే. గేజ్ దొరక్కపోతే ఏటీఎం కార్డు 0.76 మి.మీ. ఉంటుంది, దాని మీద ఒక విజిటింగ్ కార్డు కలిపితే దాదాపు సరిపోతుంది. ఇంకా దగ్గరగా పెడితే ఇంకా బాగా వింటుందని ఆశపడకండి. నేను అదే చేశాను. గట్టిగా మీటినప్పుడల్లా తీగ పికప్‌కి తగిలి టక్‌మంటుంది, ఆ టక్ కూడా ఒక నోటే. పక్క తీగల శబ్దం కూడా ఎక్కువ దూరుతుంది. మరీ దూరంగా పెడితే మెత్తగా మీటినవి పోతాయి. మీ ఆరో తీగ పలక్కపోవడం ఇదే అయివుండొచ్చు. ఒకవేళ పికప్‌ని పూర్తిగా దించినా 1 మి.మీ. రాకపోతే మాత్రం తీగలనే లేపాలి, బజ్ పోగొట్టడానికి కాక, పికప్ కోసమే తీగలు లేపక తప్పని చోటు అదొక్కటే.

రెండు చివర్లూ కుదిరాక మధ్యలో ఉన్న మూడు, నాలుగు తీగలు చూడండి. పికప్ పైభాగం వంపు, మీ ఫింగర్‌బోర్డు వంపు ఒకటే కాకపోవచ్చు. తేడా కొద్దిగా ఉంటే సెన్సిటివిటీలో సర్దుకుంటుంది.

బిగించే విధానం గురించి ఒక మాట. నేను మొదట్లో బాడీకి రంధ్రాలు చేయడం ఇష్టం లేక బజారులో కొన్న డబుల్ సైడ్ టేపుతో అంటించాను. మే నెల, కల్యాణ మండపం, నెత్తిన హాలోజెన్ లైట్లు. రెండో పాట మధ్యలో టేపు మెత్తబడి పికప్ ఒక పక్కకి జారింది. వీణ ఆరో తీగ మూగబోయింది. నేను సెన్సిటివిటీ పెంచాను, మిగిలిన తీగలన్నీ దొంగనోట్లు కురిపించాయి. తలంబ్రాలు, దొంగనోట్లు ఒకేసారి. మర్నాడు ఒక దుకాణానికి తీసుకెళ్తే డబ్బులు తీసుకుని తీగలు మారిస్తే సరిపోతుందన్నారు, పికప్ వైపు చూడనే లేదు. చివరికి స్ప్రింగులు, స్క్రూలతో నేనే బిగించుకున్నాను. స్ప్రింగ్ ఉంటే స్క్రూడ్రైవర్‌తో ఎత్తు మార్చుకోవచ్చు, అది ఇంకో లాభం.

ఇదంతా అయ్యాకే సింథ్‌లో సెన్సిటివిటీ. ఒక్కో తీగని మీరు వాయించగలిగినంత గట్టిగా మీటండి, మీటరు నిండబోయి నిండకుండా ఆగాలి. మెత్తగా మీటి సెట్ చేస్తే గట్టిగా మీటినప్పుడు పొంగిపోతుంది. ఒకటో తీగ రెండుసార్లు పలకడం చాలామటుకు ఇక్కడే తగ్గుతుంది, సెన్సిటివిటీ ఎక్కువైతే పిక్ గీరిన శబ్దం ఒక నోటు, తీగ పలికింది ఇంకో నోటు. జీఆర్-55 లాంటి సింథ్ అయితే బ్రిడ్జికి పికప్‌కి మధ్య దూరం, గిటార్ స్కేలు పొడవు (నెక్ చివరి నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు) కూడా అడుగుతుంది. స్కేలుతో కొలిచి నిజం చెప్పండి.

ఏం చేసినా పోనిది ఒకటుంది. ఆరో తీగని నొక్కకుండా మీటితే వచ్చే 'E' స్వరం సెకనుకి 82.4 కంపనాలు, అంటే ఒక్క కంపనానికే 12 మిల్లీసెకన్లు. రెండు కంపనాలు వినాలంటే 24. ఒకటో తీగకి ఒక కంపనం 3 మిల్లీసెకన్లలో అయిపోతుంది. అందుకని లావు తీగ మీద కాస్త ఆలస్యం ఉండి తీరుతుంది, దాన్ని స్క్రూడ్రైవర్‌తో వెతక్కండి. నేను బేస్ శబ్దాలకి ప్యాచ్‌ని (సింథ్‌లో ఎంచుకున్న ధ్వనిని) ఒకటి రెండు ఆక్టేవులు దించేసుకుని సన్న తీగల మీద వాయిస్తాను.

ఖాళీ తీగలు వాటంతటవే మోగుతుంటే నట్ పక్కన జడకి పెట్టుకునే రబ్బరు బ్యాండు ఒకటి చుట్టండి. మా అమ్మాయిది తీసుకున్నాను, ఇప్పటికీ తిరిగివ్వలేదు.

కొలతలన్నీ ఒక మాస్కింగ్ టేపు ముక్క మీద రాసి కేసు మూత లోపల అంటించుకోండి, వానలు మొదలయ్యాక మళ్లీ ఒకసారి చూసుకోవాలి. ఇంత చేశాక కూడా ఆరో తీగ పలక్కపోతే, ఆఖరి ఫ్రెట్ నొక్కి పట్టుకుని పికప్ ఫొటో ఒకటి పెట్టండి. పైనుంచి కాదు, పక్కనుంచి.