ప్రశ్నావళిలో 34 మార్కులు వస్తే ఆటిజం ఉన్నట్టేనా?

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్లు. ఎవరితోనూ పెద్దగా కలవదు. తెలుగులోకి మార్చిన ఏక్యూ (ఆటిజం లక్షణాలను కొలిచే ‘ఆటిజం స్పెక్ట్రమ్ కోషెంట్’) ప్రశ్నావళి ఫోన్‌లో దొరికితే నింపాను. 50కి 34 వచ్చింది. 30 దాటితే ఆటిజం అని కింద రాసి ఉంది. నిజమేనా డాక్టర్ గారూ?

సలహా: ఆ 34ను బట్టి ఆటిజం ఉందనీ చెప్పలేమండి, లేదనీ చెప్పలేం. ఎవరిని క్షుణ్ణంగా పరీక్షించాలో ఏరడానికే ఈ ప్రశ్నావళి. టీనేజర్ల ఏక్యూను 2006లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ప్రచురించారు. 30 అన్న హద్దు అక్కడి పిల్లల తల్లిదండ్రులు ఇంగ్లిష్‌లో నింపితే వచ్చింది. భాష మారితే హద్దునూ మళ్లీ తేల్చుకోవాలి.

అనువాదంలో ఎక్కువగా దెబ్బతినేవి వ్యతిరేకార్థంలో ఉన్న వాక్యాలు. ‘చిన్న చిన్న మార్పులను సాధారణంగా గమనించదు’ అన్నది చూడండి. మీ అమ్మాయి బాగా గమనిస్తుందనుకుందాం. అప్పుడు ‘ఒప్పుకోను’ అని పెట్టాలి, మార్కు పడేది దానికే. ‘అవును, గమనిస్తుంది’ అనుకుంటూ ‘ఒప్పుకుంటాను’ నొక్కేస్తే లెక్క తప్పుతుంది. దాదాపు సగం ప్రశ్నలకు ఇలా ఒప్పుకోనంటేనే మార్కు.

అందుకే ఇద్దరు విడివిడిగా అనువదిస్తారు. రెండూ కలిపి ఒకటి చేశాక, మూలం చూడని మరొకరు దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి మారుస్తారు. తర్వాత కొందరు తల్లిదండ్రుల చేత నింపించి, ఒక్కో ప్రశ్న ఏమని అర్థమైందో వాళ్ల మాటల్లోనే చెప్పించుకుంటారు. అన్నిటికన్నా విలువైన పని ఇదేనని నా అభిప్రాయం. ఆపైన, రెండు వారాలాగి మళ్లీ నింపిస్తే మార్కులు దగ్గరగా వస్తున్నాయా, నిపుణులు విడిగా పరీక్షించి తేల్చిన పిల్లలను ఇది పట్టుకుంటోందా అని చూసి హద్దు పెడతారు. మీకు దొరికిన ప్రతిలో ఈ వివరాలేవీ లేకపోతే ఆ 30ని నమ్మకండి.

అన్నీ సరిగ్గా జరిగినా ఒక చిక్కుంది. వెయ్యి మంది పిల్లల్లో 10 మందికి ఆటిజం ఉందనుకుందాం. ఉన్నవాళ్లలో 90 శాతాన్ని పట్టుకుని, లేనివాళ్లలో 90 శాతాన్ని సరిగ్గా వదిలేసే ప్రశ్నావళి ఆ 10 మందిలో 9 మందిని చూపిస్తుంది. లేని 990 మందిలోనూ 99 మందిని చూపిస్తుంది. అంటే హద్దు దాటిన 108 మందిలో నిజంగా ఉన్నది 9 మందికే. నలుగురిలో మాట్లాడాలంటే భయం, ఆందోళన, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ కుదరని సమస్య) ఉన్నా మార్కులు పెరగొచ్చు.

అలాగని ఊరుకోకండి. కలవకపోవడం చిన్నప్పటి నుంచీ ఉందా, ఈ మధ్యే మొదలైందా? ఆటిజం పసితనం నుంచే ఉంటుంది, కాకపోతే ఆలస్యంగా బయటపడొచ్చు. మాటలు ఎప్పుడొచ్చాయి, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేదా, తోటి పిల్లలతో ఎలా ఆడేది, ఏ శబ్దాలకు చిరాకుపడేది రాసి పెట్టుకోండి. క్లాస్ టీచర్‌తోనూ రాయించండి. ఆడపిల్లలు చాలామంది తోటివాళ్లను అనుకరిస్తూ ఇబ్బందిని దాచుకుంటారు కాబట్టి, ‘బడిలో బాగానే ఉంటుంది’ అన్న మాటతో సరిపెట్టుకోవద్దు. ఈ కాగితాలతో చైల్డ్ సైకియాట్రిస్ట్‌ను గానీ క్లినికల్ సైకాలజిస్ట్‌ను గానీ కలవండి. ఈ మధ్యే ముడుచుకుపోయి తిండి, నిద్ర తగ్గినా, బతకాలని లేదన్నా వెంటనే తీసుకెళ్లండి.